‘అయింది’ అనేదాకా

అతను వ్యాపారం మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది పద్దెనిమిది వేలు. నాలుగో అంతస్తు చివరింటికి అప్పటికింకా ఏ చెడ్డపేరూ లేదు. చెడ్డపేరు తర్వాత వచ్చింది. అది తన చలవేనని ఒక్క అతనికే తెలుసు.

చీకటి పడితే ఆ వరండా చివరికి ఎవరూ వెళ్ళరు. అక్కడి బల్బు ఎప్పుడో మాడిపోయింది. మార్చమంటే ఎలక్ట్రీషియను పగలే వస్తానంటాడు. పగలు వెలుతురు బాగానే ఉంది కదా, బల్బెందుకని సెక్రటరీ మేడం అంటుంది. అలా ఆ మూల చీకటి ఖాయమైపోయింది.

ఆ ఇంట్లో ఉండిన హెడ్ నర్సు పోయింది. పోయింది ఇంట్లో కూడా కాదు. జీవితమంతా తను దుప్పటి మడతలు సరిచేసిన ఆసుపత్రిలోనే, ఆ మంచాల్లోనే ఒకదాని మీద. కూతురు వచ్చి సామాను సర్దుకుని, తాళంచెవి ఓనరుకిచ్చి వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ.

కానీ రాత్రిపూట లోపల ఆవిడ గొంతు వినిపిస్తుంది...

ఏడుపు కాదు. నవ్వు కాదు. దెయ్యాలు మాట్లాడవలసిన మాటలేవీ కాదు.

"గ్యాస్ కట్టేశావా?" అని అడుగుతుంది.

కాస్త ఆగి మళ్ళీ అడుగుతుంది. అప్పుడు — ఎవరో జవాబు చెబుతారు.

ఇల్లు అద్దెకు చూడ్డానికి ఓ రాత్రి వచ్చిన దంపతులు తలుపు దాకా వెళ్ళి, ఆ ప్రశ్న విని, చెప్పులు చేతపట్టుకుని మెట్లు దిగేశారు. ఆ ఇల్లాలు పరుగున ఇంటికెళ్ళి చూసుకుంటే గ్యాస్ నిజంగానే కట్టెయ్యలేదట. కృతజ్ఞత చెప్పుకోవాల్సింది పోయి, ఆ కథను వీధి వీధంతా పంచిపెట్టింది.

ఇక అతని సంగతి. అందరూ అతన్ని ‘శాతం’ అంటారు. వానొస్తుందా అంటే అరవై శాతం అంటాడు, అన్నం తిన్నావా అంటే ఎనభై శాతం అంటాడు. అతని వ్యాపారం మాటల డబ్బాలు. అరచేతిలో పట్టేంత డబ్బా. పెద్దవాళ్ళున్న ఇంట్లో పెడితే, వేళకు నోరు తెరిచి మాత్ర వేసుకొమ్మంటుంది, కుళాయి కట్టమంటుంది. అలాంటివి బజారులో చాలా ఉన్నాయి. శాతం డబ్బాలకు మాత్రం రెండు కిటుకులున్నాయి. రెండూ అతను సొంతంగా కనిపెట్టినవే.

మొదటిది గొంతు. పెద్దవాళ్ళు యంత్రం మాట వినరు. "అదెవరు నాకు చెప్పడానికి?" అంటారు. అందుకని అతను ప్రతి ఇంట్లోనూ ముందు ఒకటే అడుగుతాడు: ఈ ఇంట్లో మీరు ఎవరికి భయపడతారు? ఆ మనిషిని కూర్చోబెట్టి, ఆ గొంతుతోనే మాటలు రికార్డు చేస్తాడు. కోడలు, చెల్లెలు, ఒకచోట ఇంటి పనిమనిషి.

రెండోది జవాబు. డబ్బా అడిగి ఊరుకోదు. "అయింది" అన్న మాట వినేదాకా వదలదు. మూడుసార్లు అడిగినా ఆ మాట వినపడకపోతే, దానిలో ఉన్న సిమ్ము నుంచి ఇంటివాళ్ళకు ఫోను పోతుంది.

ఈ బిల్డింగులో అతని మొదటి డబ్బా హెడ్ నర్సు కొన్నదే. ఆ రోజు తలుపు బార్లా తెరిచి ఉంది. నేరుగా లోపలికి నడిచాడు.

"బయటికి పో" అందావిడ, కళ్ళజోడు పైనుంచి చూసి. "తలుపు కొట్టి రా."

"తెరిచే ఉంది కదా పెద్దమ్మా..."

"తెరిచి ఉన్నా కొట్టే రావాలి. లోపల మనిషి ఉందంటే ముందు తలుపు కొట్టాలి. పెద్దమ్మ కాదు, సిస్టర్."

బయటికెళ్ళి, తలుపు కొట్టి, మళ్ళీ వచ్చాడు. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా అదే పద్ధతి.

"ఎవరికి భయపడతారు సిస్టర్?" అని అడిగాడు.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "ఎవరికీ భయపడను. నలభై మంది నర్సులు నాకు భయపడ్డారు. నేనెప్పుడైనా ఎవరి మాటైనా విన్నానంటే, అది నా మాటే."

అలా ఆవిడ డబ్బాలో ఆవిడ గొంతే పెట్టాడు. ఆవిడకు ఆవిడే ఆజ్ఞలు. మొత్తం ఆరు. లే, తెల్లమాత్ర వేసుకో. కుళాయి కట్టావా? కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉందా? గ్యాస్ కట్టేశావా? పచ్చమాత్ర వేసుకున్నావా? ఆఖరున, పదిన్నరకి — తలుపు గడియ పెట్టావా?

"పదిన్నరకెందుకు సిస్టర్? అప్పటికి పడుకోరా?"

"అది నా ఆఖరి రౌండు. వార్డయినా ఇల్లయినా అంతే." అని, "‘అయింది’ అని కూడా ఇప్పుడే చెప్పెయ్యనా?" అంది.

"అది రికార్డు చెయ్యకూడదు సిస్టర్. అప్పటికప్పుడు మీరే చెప్పాలి. అదీ డబ్బానే చెప్పేస్తే ఇంక మీరెందుకు?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. డబ్బాను వంటింటి అటక మీద, వెనక్కి, వెంటిలేటరు పక్కన పెట్టించింది. "కింద పెడితే విసుగొచ్చినరోజు ప్లగ్గు పీకేస్తాను. నా సంగతి నాకు తెలుసు." కూతురికి రాత్రి డ్యూటీలు కాబట్టి, ఫోను శాతం నంబరుకే వచ్చేలా పెట్టింది.

ఆవిడను చూసి బిల్డింగులో ఇంకో పదకొండు ఇళ్ళవాళ్ళు కొన్నారు.

ఆవిడ పోయాక, డబ్బా కూతురు పట్టుకెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఎందుకంటే, ఒక్క ఫోనూ రాలేదు. డబ్బా అక్కడే ఉండి అడుగుతూ ఉంటే, జవాబు చెప్పే మనిషి లేదు కాబట్టి, రోజుకు ఆరుసార్లు తన ఫోను మోగాలి. మోగలేదంటే డబ్బా ఆగిపోయినట్టే. లెక్కలో ఎక్కడా తప్పులేదు.

తర్వాత దెయ్యం కబురు మొదటిసారి అతని చెవిన పడ్డప్పుడు, డబ్బా ఇంకా అక్కడే ఉందని, ఆ గొంతు దానిదేనని తెలిసి, శాతం తేలిగ్గా నిట్టూర్చాడు. మరుక్షణం ఆ నిట్టూర్పు సగంలో ఆగిపోయింది.

అడిగేది డబ్బా. సరే.

మరి జవాబు చెప్పేది ఎవరు?

ఆ సాయంత్రమే సెక్రటరీ మేడం పిలిపించింది. ఆవిడ బల్ల మీద మూడు డబ్బాలు అప్పటికే వరసగా ఉన్నాయి, వైర్లు చుట్టి.

"చూడు బాబూ. ఇవాళ ఆ ఇంట్లో మాట్లాడేది, రేపు మా ఇళ్ళలో మాట్లాడదని నమ్మకమేమిటి? మా అత్తగారు నీ డబ్బా మీద తువ్వాలు కప్పి పడుకుంటున్నారు."

"మేడం, దెయ్యానికి సిమ్ము ఉండదు కదా..."

"జోకులొద్దు. పొద్దున్నకల్లా ఆ గొంతు ఆగాలి. ఆగకపోతే పన్నెండో గంటకి పదకొండు డబ్బాలూ వెనక్కి. డబ్బులు తిరిగివ్వాలి."

పదకొండు డబ్బాల డబ్బులు అతని దగ్గర లేవు. అవి ఎప్పుడో కొత్త డబ్బాలైపోయాయి. ఈ బిల్డింగు వెనక్కిచ్చిందంటే పక్క బిల్డింగూ ఇస్తుంది. అక్కడితో దుకాణం కట్టెయ్యడమే. పోనీ, ఆ గొంతు నా డబ్బాదేనండీ అని చెప్పేద్దామా అంటే — పోయినావిణ్ణి మాట్లాడిస్తున్నది నువ్వా అని ఇంకో గొడవ. చప్పుడు కాకుండా వెళ్ళి, డబ్బా దించి, సంచీలో వేసుకుని రావాలి. అంతే పని.

ఓనరు దగ్గర తాళంచెవి తీసుకుని, రాత్రి వాచ్‌మన్‌ను తోడు రమ్మన్నాడు.

వాచ్‌మన్ మూడో అంతస్తు దాకా హుషారుగానే వచ్చాడు. నాలుగో అంతస్తు మొదటి మెట్టు మీద కూర్చున్నాడు.

"నేనిక్కడే ఉంటా తమ్ముడూ. కింద గేటు చూడాలిగా."

"ఇక్కణ్ణుంచి గేటు కనబడదుగా అన్నా?"

"కనబడకపోయినా... బాధ్యత ఉంటుంది." గొంతు తగ్గించాడు. "ఓ మాట చెప్తా, ఎవరితో అనకు. ఓ పొద్దున ఓనరు వచ్చి తాళం తీశాడు. కప్ప ఊడింది... తలుపు రాలేదు. లోపల్నుంచి గడియ."

"వానలకి చెక్క ఉబ్బుతుందన్నా. తొంభై శాతం అదే."

"మిగతా పది?"

"మిగతా పది... కీళ్ళు తుప్పు."

వరండా చివరికి వెళ్ళి తాళం తీశాడు. తోయబోయేలోపే తలుపు మెత్తగా తెరుచుకుంది. చెక్క ఉబ్బలేదు. కీలు కిర్రుమనలేదు.

తలుపు కొట్టలేదు. లోపల ఎవరున్నారని కొడతాడు?

వంటింట్లో లైటు వెయ్యబోయాడు. బల్బు లేదు. ప్లగ్గుల్లో కరెంటు మాత్రం ఉంది — తీయిస్తే మళ్ళీ పెట్టించుకోవడం తంటా అని ఓనరు ఉంచేశాడు. టార్చి వెలుగులో అటక మీద, వెనకాల, ఆకుపచ్చ చుక్క కనబడింది. దుమ్ములో కూర్చుని, బుద్ధిగా డ్యూటీ చేస్తోంది.

తెచ్చుకున్న స్టూలు వేశాడు. ఎక్కి చెయ్యి చాపితే అయిపోయేది.

కానీ ఎక్కలేదు. లెక్క తేలకుండా వదలడం అతనికి చేతకాదు. టార్చి ఆర్పి, సంచీ పక్కన పెట్టుకుని, నేల మీద కూర్చున్నాడు.

చీకటి... ఎక్కడో పైపులో నీళ్ళు జారుతున్న చప్పుడు... తన ఊపిరి తనకే బరువుగా వినిపిస్తోంది...

"గ్యాస్ కట్టేశావా?"

తన చేత్తో రికార్డు చేసిన మాట. ఏ మధ్యాహ్నం, ఏ కుర్చీలో కూర్చుని రికార్డు చేశాడో కూడా గుర్తుంది. అయినా సంచీని దగ్గరికి లాక్కున్నాడు.

నిశ్శబ్దం.

"గ్యాస్ కట్టేశావా?"

అప్పుడు — గోడలోంచి — మగగొంతు, సన్నగా, బొంగురుగా...

"అయింది... అయిందమ్మా."

డబ్బా ఊరుకుంది. శాతం నోరు తెరుచుకునే ఉంది. టార్చి కోసం తడుముకున్నాడు, దొరకలేదు. అప్పుడు చూశాడు: అటక పక్కన, వెంటిలేటరు సందుల్లోంచి, పసుపుపచ్చని వెలుతురు. అవతల ఇంకో వంటిల్లు. ఆ వంటింట్లో ఎవరో గిన్నె కదిలించారు.

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు; ఖాళీ ఇంట్లో నవ్వు వినిపిస్తే వాచ్‌మన్ ఉద్యోగం మానేస్తాడు.

స్టూలూ సంచీ అక్కడే వదిలి, తలుపు బార్లా తెరిచే ఉంచి, పక్కింటి తలుపు కొట్టాడు.

తలుపు తీసింది పోస్టు తాతగారు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో రిటైరైన మనిషి. ఊళ్ళో ఏ వీధి ఏ సంచీలో పడాలో కళ్ళు మూసుకుని చెప్పేవాడని ఆయన గురించి ఆయనే చెబుతుంటాడు. శాతం డబ్బా అమ్మబోతే గుమ్మంలోనే నిలబెట్టి, "నాకా? గుర్తు చెయ్యడానికా? నీ పుట్టినరోజు చెప్పు, పదేళ్ళ తర్వాత అడుగు" అని పంపేసినవాడు.

"ఏంటిరా అబ్బాయ్ ఈ వేళప్పుడు?"

"తాతగారూ... గ్యాస్ కట్టేశారా?"

పెద్దాయన మొహం మారింది. వరండా అటూ ఇటూ చూసి, శాతం రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు వేశాడు.

వంటింట్లో పొయ్యి మీద పాలగిన్నె. పొయ్యి ఆరి ఉంది. ఫ్రిజ్ మీద కళ్ళజోడు.

"ఎప్పట్నుంచి తాతగారూ?"

"ఆవిడ పోయిన రోజు నుంచే." స్టూలు మీద కూర్చున్నాడు. "బతికున్నప్పుడు మా ఇద్దరికీ పడేది కాదు. నేను దగ్గితే ఆ వెంటిలేటర్లోంచే ‘నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి’ అని అరిచేది. పోయిన రోజు రాత్రి ఇక్కడ నిలబడి ఉన్నాను. ‘గ్యాస్ కట్టేశావా’ అంది."

"భయం వెయ్యలేదా?"

"వెయ్యకపోవడమేంటి? చచ్చేంత వేసింది. కానీ పాలు పొంగిపోతున్నాయి. ముందు పొయ్యి కట్టేద్దాం, తర్వాత తీరిగ్గా భయపడదామనుకున్నాను." ఆగాడు. "తర్వాత మర్చిపోయాను."

శాతం ఆరిన పొయ్యికేసి చూశాడు.

"మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ రోజూ పొయ్యి వెలుగుతూనే ఉంది... ఆ పైరోజూ." పెద్దాయన చేతులకేసి చూసుకున్నాడు. "అంతకుముందు ఎన్ని రాత్రులు వెలిగిందో నాకు తెలీదురా. మాడిన గిన్నెలు రెండు మూడు పారేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా అబ్బాయి వచ్చి వంటింటికి తాళం వేస్తాడు. ఆమెకు ‘అయింది’ అంటే చాలు, మళ్ళీ అడగదు, ఇంకెవరికీ చెప్పదు. మా మాత్రలు కూడా ఒకే వేళకి కుదిరాయి."

"కళ్ళజోడు?"

"నేను మామూలుగా కిటికీలో పెట్టేవాణ్ణి. ఆవిడ ఫ్రిజ్ మీద ఉందా అని అడుగుతుంది. లేదని ఎలా చెబుతాను? ఫ్రిజ్ మీదే పెట్టడం మొదలుపెట్టాను."

అటువైపు నుంచి మళ్ళీ ఆవిడ గొంతు వచ్చింది. "పచ్చమాత్ర వేసుకున్నావా?"

పెద్దాయన లేచి, సీసాలోంచి ఒక మాత్ర తీసి, నీళ్ళతో మింగి, తల వెంటిలేటరు వైపెత్తి "అయిందమ్మా" అన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఆ మాత్ర పచ్చది కాదు, గులాబీది. ఆ తేడాను ఇద్దరూ పట్టించుకోలేదు.

"దాన్ని తీసేస్తావా?" అన్నాడు పెద్దాయన, ఎటో చూస్తూ.

తియ్యకపోతే పొద్దున్నకి వ్యాపారం ఆరిపోతుంది. తీస్తే, ఈ పొయ్యి ఎప్పుడు ఆరుతుందో ఎవరికీ తెలీదు. శాతం రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఎంతసేపు చూసినా తీసివేత కుదరలేదు. అప్పుడు తట్టింది, ఇది తీసివేత కాదు, మార్పిడి అని.

"తీస్తాను తాతగారూ. తీసి ఇటువైపు పెడతాను, మీ అటక మీద. గొంతు తగ్గిస్తాను, వరండాలోకి వినపడదు. ఆ ఇల్లు నిశ్శబ్దమైపోతుంది, వాళ్ళు సంతోషిస్తారు. మీ ఇంట్లో డబ్బా ఉందని ఎవరికీ తెలీదు."

"గొంతు మారుస్తావా?"

"ఎవరి గొంతు కావాలి?"

"ఆవిడదే ఉండనీ." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అలవాటైపోయింది. మరి... ఎంతివ్వాలి?"

"పాతదే కదా తాతగారూ. వంద శాతం తగ్గింపు."

ఇద్దరూ నవ్వుకున్నారు. శాతం ఫోను తీసి సెట్టింగులు చూసుకుంటూ అన్నాడు, "అయితే రోజుకు ఆరూ అలాగే ఉంచేస్తా. ఇన్నాళ్ళూ ఆరింటికీ మీరే జవాబు చెప్పారన్నమాట. ఒక్కటీ తప్పలేదు, నాకు ఒక్క ఫోనూ రాలేదు."

"ఐదు" అన్నాడు పెద్దాయన.

"ఆరు తాతగారూ. మాత్ర, కుళాయి, కళ్ళజోడు, గ్యాస్, మాత్ర, తలుపు గడియ."

"తలుపు గడియా? అదెప్పుడు?"

"పదిన్నరకి."

పెద్దాయన వింతగా చూశాడు. "పచ్చమాత్ర అయ్యాక నేను చెవి మిషను తీసి దాని పెట్టెలో పెట్టి పడుకుంటానురా. అది తీస్తే నాకు ఉరుము కూడా వినపడదు. ఇవాళ నువ్వొచ్చావని ఉంచుకున్నాను."

శాతం ఫోనులో టైము చూశాడు, సరిగ్గా పదిన్నర. చూడకుండా ఉండాల్సింది.

గోడ అవతల ఏదో చిన్నగా టిక్కుమంది.

"తలుపు గడియ పెట్టావా?"

పెద్దాయన అలవాటుగా నోరు తెరిచాడు. శాతం చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు అనకండి..." అని గుసగుసలాడాడు. "ఎవరూ అనకపోతే నా ఫోను మోగుతుంది. మోగాలి."

ఫోనును అరచేతిలో పెట్టుకుని ఇద్దరూ దానికేసి చూశారు. అది మోగాలని అంతగా కోరుకోవడం అతనికి వ్యాపారం మొదలుపెట్టాక అదే మొదటిసారి.

"తలుపు గడియ పెట్టావా?"

రెండు. ఇంకొక్కసారి. అది కూడా అడిగేసి, ఆ తర్వాత ఫోను...

మూడోసారి అడగలేదు.

వెంటిలేటరు అవతల నుంచి మరో చప్పుడు వచ్చింది. తీరిగ్గా నడుస్తున్న చెప్పుల చప్పుడు, వంటింట్లోంచి ముందుగదిలోకి. ఆగింది. అతను బార్లా తెరిచి వచ్చిన తలుపు మూసుకున్న చప్పుడు. ఇనుప గడియ జారి... టక్కున పడింది.

"అయింది" అన్నది ఆవిడ గొంతు.

ఆ మాట అతను ఆ గొంతులో ఎన్నడూ రికార్డు చెయ్యలేదు.

ఫోను మోగలేదు.

తర్వాత పెద్దాయన చిన్నగా తలాడించి, "క్రమశిక్షణ గల మనిషి" అన్నాడు.

"వాచ్‌మన్ అయ్యుంటాడు" అన్నాడు శాతం. "తొంభై శాతం."

మెట్ల దగ్గర నుంచి వాచ్‌మన్ గురక వినిపిస్తోంది.

"నీ సంచీ?"

"లోపలే ఉంది."

"డబ్బా?"

"లోపలే."

"పొద్దున్నకల్లా తియ్యాలన్నావు."

"అవును తాతగారూ."

పెద్దాయన చెవి మిషను తీశాడు. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "వెళ్ళు. నేనిక్కడ మేలుకునే ఉంటా. అడక్కముందే అయింది అంటూ ఉంటాలే."

శాతం వరండాలోకి వచ్చాడు. చివరింటి తలుపు మూసి ఉంది. తోశాడు. రాలేదు. చెక్క ఉబ్బలేదని అతనికి తెలుసు. జేబులో తాళంచెవి ఉంది, దానితో పనిలేదు. కప్ప కూడా జేబులోనే ఉంది.

పదకొండు డబ్బాలు, ఒక పాలగిన్నె, ఒక రాత్రి. ఎన్నిసార్లు లెక్కేసినా చెయ్యాల్సింది ఒక్కటే తేలుతోంది. వచ్చినప్పుడే చెయ్యాల్సింది.

చొక్కా సర్దుకున్నాడు. మెల్లగా "సిస్టర్..." అని, తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాడు.